ప్రీయాంప్‌కి 0.1 శాతం రెసిస్టర్లే కావాలా?

ప్రశ్న: సార్, మాది తణుకు. డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తున్నాను. సోల్డరింగ్ బాగానే వచ్చు, ఆడియో మాత్రం కొత్త. నాన్నగారు వాడిన పవర్ యాంప్, స్పీకర్లు ఇంకా చక్కగా పనిచేస్తున్నాయి. పాట వాల్యూమ్ సరిచేసి పవర్ యాంప్‌కి అందించే ప్రీయాంప్ మాత్రం ఎప్పుడో పాడైపోయింది. ఫోన్‌కి డ్యాక్ (డిజిటల్ పాటని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరం) తగిలించి పాటలు వింటాను. కొత్త ప్రీయాంప్ నేనే కట్టుకుందామని నలుగుర్ని అడిగితే 0.1 శాతం రెసిస్టర్లు, ఆడియో గ్రేడ్ కెపాసిటర్లు, ఖరీదైన ఆప్ యాంప్‌లు (సిగ్నల్‌ని పెంచే ఐసీలు) లేకపోతే దండగ అన్నారు. లిస్టు వేస్తే 9,000 దాటింది. నా దగ్గర ఉన్నది 3,000. ఎక్కడ తగ్గించుకోవచ్చు? తర్వాత నాన్నగారి రికార్డ్ ప్లేయర్ కూడా దీనికే కలపాలని ఉంది. లిస్టు జతచేశాను.

జవాబు: మీ లిస్టు చూశాను. రెసిస్టర్లకే దాదాపు 2,000 రాసుకున్నారు. వాల్యూమ్ కంట్రోల్‌కి మాత్రం 40 రూపాయలు. నేనైతే ఈ రెండు అంకెల్నీ తిరగేస్తాను.

ముందు రెసిస్టర్ల లెక్క చూడండి. 0.1, 1 అనే ఈ శాతాలు, రెసిస్టర్ మీద రాసిన విలువకి ఎంతదాకా తేడా రావచ్చో చెబుతాయి. 1 శాతం తేడాని డెసిబెల్స్‌లో చెబితే 0.09. గెయిన్ స్టేజిలో (సిగ్నల్‌ని పెంచే భాగంలో) 2.2కె, 1కె, అంటే 2,200, 1,000 ఓమ్స్ వేస్తే గెయిన్ 3.2 రెట్లు వస్తుంది. రెండూ 1 శాతం రకాలై, రెండూ మీ దురదృష్టం కొద్దీ చెరో వైపు పూర్తిగా తప్పినా, గెయిన్‌లో తేడా 0.12 డెసిబెల్ మించదు. పాట వింటూ 1 డెసిబెల్ తేడా పట్టుకోవడమే మామూలు చెవికి కష్టం. 0.1 శాతం రెసిస్టర్ అక్కడ చేసేదేమీ లేదు. నీలం రంగులో, ఐదు గీతలతో వచ్చే మెటల్ ఫిల్మ్ 1 శాతం రెసిస్టర్లు రూపాయికో రెండు రూపాయలకో వస్తాయి. అవే తీసుకోండి. గోధుమరంగు కార్బన్ ఫిల్మ్ మాత్రం వద్దు. అవి 5 శాతం రకాలు, పైగా వాటి సొంత రొద కొంచెం ఎక్కువ.

అసలు పట్టించుకోవాల్సింది రెసిస్టర్ విలువ ఎంత పెద్దదన్న సంగతి. ఎంత మంచి రెసిస్టరైనా దాని వేడికి అది చిన్న రొద చేస్తూనే ఉంటుంది. విలువ వంద రెట్లు పెరిగితే ఆ రొద పది రెట్లు పెరుగుతుంది. 100కె, 220కె వేసి గెయిన్ తెచ్చుకున్న పాత సర్క్యూట్లు చాలా ఉన్నాయి. అందులో 0.1 శాతం వేసినా 'స్‌స్‌స్' పోదు. అదే గెయిన్‌ని 2.2కె, 1కెతో తెచ్చుకుంటే రూపాయి రెసిస్టర్లతోనే నిశ్శబ్దంగా ఉంటుంది.

మరి ఖచ్చితత్వం ఎక్కడా అక్కర్లేదా? కావాలి. అయితే మీకు కావాల్సింది సరిగ్గా 10,000 ఓమ్స్ కాదు. ఎడమ ఛానెల్లో ఎంతుందో కుడి ఛానెల్లో అంతే ఉండటం. రెండూ 9,960 ఓమ్స్ అయితే మీ చెవికి ఏ నష్టమూ లేదు. ఒకటి 9,800, ఇంకోటి 10,200 అయితే కొంత. ఈ సరిజోడుని డబ్బిచ్చి కొనక్కర్లేదు, కూర్చుని ఏరుకోవచ్చు.

ఏరడం ఇలా. ఒక్కో విలువలో ఓ ఇరవై, ముప్పై కొనండి. ఒక థర్మోకోల్ ముక్క, మామూలు డిజిటల్ మీటరు దగ్గర పెట్టుకోండి. 10కె రెసిస్టర్‌ని మీటరు 20కె రేంజిలో చూస్తే 9.95, 9.97, 10.02 అంటూ రెండు దశాంశాల దాకా చూపిస్తుంది. అంటే 0.1 శాతం తేడా కూడా కనపడుతోందన్నమాట. ఒకే అంకె చూపినవాటిని జతలుగా థర్మోకోల్‌లో గుచ్చుతూ పోండి. పదిహేను నిమిషాల పని. 'నా మీటరే 1 శాతం తప్పు చూపిస్తుంది కదా' అని మీకు అనుమానం రావచ్చు. రానివ్వండి. కొట్టువాడి తూకం రాయి తక్కువదైనా, రెండు పొట్లాలూ ఆ రాయితోనే తూస్తే రెండూ సమానంగానే ఉంటాయి కదా. ఒక్క జాగ్రత్త: 100కె పైన ఉన్నవాటి రెండు కాళ్ళనీ వేళ్ళతో పట్టుకుని కొలవకండి. మీ ఒళ్ళు కూడా పక్కన ఇంకో రెసిస్టరై కూర్చుంటుంది. రీడింగ్ తగ్గిపోతుంది.

ఇక వాల్యూమ్ కంట్రోల్. చౌక ప్రీయాంప్‌లు పరువు పోగొట్టుకునేది ఇక్కడే. స్టీరియో పాట్‌లో (వాల్యూమ్ నాబ్ వెనక ఉండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్‌లో) ఒకే కర్రకి రెండు ట్రాకులు ఉంటాయి. సగం తిప్పాక రెండూ బాగానే కలిసి నడుస్తాయి. రాత్రిపూట ఇంట్లోవాళ్ళు పడుకున్నాక మీరు వినే ఆ మొదటి ఇంచీలో మాత్రం ఎవరి దారి వారిది. కొట్లోనే పరీక్షించండి. పాట్‌ని కొద్దిగా తిప్పి, మధ్య కాలుకీ గ్రౌండ్ కాలుకీ మధ్య ఎంతుందో రెండు ట్రాకుల్లోనూ చూడండి. ఒకదాన్లో 300, రెండోదాన్లో 420 ఓమ్స్ కనపడటం మామూలే. అది దాదాపు 3 డెసిబెల్ తేడా. గాయకుడు రెండు స్పీకర్ల మధ్య నిలబడాల్సింది పోయి ఓ పక్కకి జరిగి పాడతాడు. మీరు రెసిస్టర్లలో 0.1 శాతం కోసం 2,000 పెట్టి, ఇక్కడ 40 శాతం తేడాని ఇంట్లోకి తెచ్చుకుంటున్నారు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి ఆడియో ఇంజనీరు పీటర్ బాక్సాండల్ 1980లో చూపించిన యాక్టివ్ వాల్యూమ్ కంట్రోల్. అందులో లీనియర్ పాట్ వాడతారు. ట్రాక్ మొత్తం ఎన్ని ఓమ్స్ అన్నదానితో పనిలేదు, కర్ర ఎక్కడుందన్నదే లెక్క. చాలా తెలివైన సర్క్యూట్. కానీ ఛానెల్‌కి రెండేసి ఆప్ యాంప్‌లు కావాలి, మొదటి ప్రాజెక్టుకి కాస్త బరువు. రెండోది పాట్‌నే తీసేసి రోటరీ స్విచ్ పెట్టుకోవడం. మీకు ఇదే నా సలహా.

2 పోల్ 12 వే రోటరీ స్విచ్ (రెండు ఛానెళ్ళకీ విడివిడిగా పన్నెండేసి చోట్లున్నది) తీసుకోండి. ఒక్కో ఛానెల్‌కి 11 రెసిస్టర్లు నిచ్చెన మెట్లలా వరసగా సోల్డర్ చేస్తారు. పైనుంచి కిందకి విలువలు ఇవి: 3.6కె, 2.4కె, 1.5కె, 910, 560, 360, 240, 150, 91, 56, ఆఖర్న గ్రౌండ్‌కి 100 ఓమ్స్. పై కొనకి సిగ్నల్, కింది కొన గ్రౌండ్. మొత్తం కలిపితే 9,967 ఓమ్స్, 10కె అనుకోండి. ఒక్కో క్లిక్కుకి సుమారు 4 డెసిబెల్ తగ్గుతుంది, పదకొండో చోట మైనస్ 40, పన్నెండో చోట మ్యూట్. వరసని ఒకసారి గమనించండి. 3.6కె దగ్గర మొదలైన ఐదు అంకెలే పదో వంతుగా 360 దగ్గర మళ్ళీ వస్తాయి. 20 డెసిబెల్ అంటే పది రెట్లు కాబట్టి అలా కుదిరింది. కాగితం మీద లెక్క వేసుకుని చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. అన్నీ మార్కెట్లో దొరికే విలువలే. 22 రెసిస్టర్లనీ పైన చెప్పినట్టు జతలుగా ఏరితే ఎడమ, కుడి మధ్య తేడా 0.05 డెసిబెల్ కూడా ఉండదు. ఏ ఖరీదైన పాటూ ఈ జోడు ఇవ్వదు.

4 డెసిబెల్ మెట్టు కాస్త ఎత్తే. ఒక మెట్టుకి చాలట్లేదు, పైదానికి ఎక్కువైంది అనిపిస్తే ఫోన్‌లో వాల్యూమ్ ఓ గీత అటూ ఇటూ జరుపుకోండి. స్విచ్ కొనేటప్పుడు 'షార్టింగ్ టైపు' అని అడగండి. పాత కాంటాక్ట్ వదలకముందే కొత్తది అందుకునే రకం అది. మామూలు రకమైతే మధ్యలో ఓ క్షణం ఆప్ యాంప్ ఇన్‌పుట్ గాల్లో వేలాడి స్పీకర్ 'టప్' మంటుంది. ఏదైనా సరే, స్విచ్ మధ్య కాలు నుంచి గ్రౌండ్‌కి ఒక 220కె వేసి ఉంచండి.

ఆప్ యాంప్ గురించి ఎక్కువ చెప్పను. ఎన్‌ఈ5532 వేయండి. సిగ్నెటిక్స్ కంపెనీ 1979లో తెచ్చిన ఐసీ. తర్వాతి ఇరవై ఏళ్ళలో స్టూడియో మిక్సింగ్ కన్సోళ్ళ నిండా ఇదే. అంటే ఆ కాలపు పాటలు చాలావరకు మీ ఇంటికి రాకముందే ఇలాంటి ఐసీలు డజన్లకొద్దీ దాటుకుని వచ్చాయి. మీరు ఇంకొక్కటి కలిపితే వచ్చే నష్టమేంటి? పెద్ద పేరున్న ఖరీదైన ఐసీని సగం ధరకి ఇస్తామంటే మాత్రం ఆలోచించండి. పాత ఐసీ మీద అక్షరాలు చెరిపి కొత్త పేరు కొట్టి అమ్మేవాళ్ళున్నారు. 5532 చవక కాబట్టి ఆ బెడద కొంత తక్కువ, అసలు లేదనను. వేసిన ఐసీ సుమారు 8 మిల్లీయాంప్స్ తాగుతుంటే సగం నమ్మొచ్చు. ఐసీ బేస్ పెట్టుకోండి, ఎప్పుడైనా మార్చుకోవాలనిపిస్తే సులువు. 5532 చురుకైనది, పక్కనే కళ్ళెం లేకపోతే తనంతట తనే ఊగిపోతుంది. కాబట్టి ప్రతి ఐసీ సప్లై కాళ్ళని ఆనుకునే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. రెండంగుళాల దూరంలో పెట్టి 'పెట్టాను కదా' అంటే కుదరదు. అవుట్‌పుట్‌లో వరసగా 100 ఓమ్స్ వేయండి, పొడుగు కేబుల్ తగిలించినా గొడవ చెయ్యదు.

మరో మాట. మీ డ్యాక్ 2 వోల్టులదాకా ఇస్తుంది, పవర్ యాంప్‌కి 1 వోల్టు దరిదాపుల్లో చాలు. అంటే మీకు అంత గెయిన్ నిజానికి అక్కర్లేదు. 3.2 రెట్లు పెట్టమన్నది పాత టేప్ డెక్ లాంటిదేదైనా కలుపుతారేమోనని. అలాంటిదేమీ లేకపోతే రెండు రెసిస్టర్లనీ 1కె వేసేయండి, గెయిన్ 2 రెట్లకి దిగుతుంది.

కెపాసిటర్ల దగ్గర మీ లిస్టులో ఒక సరదా తప్పుంది. ఇన్‌పుట్‌కి 1 మైక్రోఫారడ్ దిగుమతి ఫిల్మ్ కెపాసిటర్లు రెండు రాసుకున్నారు, జత 1,400. దాని వెనక 10కె ఉంటే 16 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్ పడిపోతుంది. బేస్‌లో మరీ కింది గుమకి కత్తెర పడటం అక్కణ్ణుంచే మొదలు. మామూలు 10 మైక్రోఫారడ్ బైపోలార్ (ప్లస్ మైనస్ పట్టింపు లేని) ఎలక్ట్రోలిటిక్ వేస్తే ఆ అంకె 1.6 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఎలక్ట్రోలిటిక్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. విలువ పెద్దదిగా పెడితే పాట దాని మీదుగా వెళ్ళేటప్పుడు దానిమీద వోల్టేజి దాదాపు నిలబడదు, నిలబడని చోట అది పాటని పాడుచేయలేదు. అవుట్‌పుట్‌కి 47 మైక్రోఫారడ్ బైపోలార్ చాలు. పాట వెళ్ళే దారిలో పెట్టకూడనివి వేరే ఉన్నాయి. పసుపుపచ్చగా, చిన్నగా ఉండే మామూలు సిరామిక్‌లు. వాటిమీద వోల్టేజి మారితే వాటి విలువే మారిపోతుంది. సప్లై కాళ్ళ దగ్గర అవి బంగారం, పాట దారిలో పనికిరావు. రేడియో చొరబడకుండా ఇన్‌పుట్‌లో పెట్టే 100 పికోఫారడ్ మాత్రం అలా విలువ మారని ఎన్‌పీ0 రకం అడిగి తీసుకోండి.

ఇప్పుడు పవర్ సప్లై. చాలా సర్క్యూట్లలో 7815, 7915 అనే వోల్టేజి రెగ్యులేటర్లు పెట్టి ప్లస్ మైనస్ 15 వోల్టులు ఇమ్మని ఉంటుంది. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్‌తో 230 వోల్టులున్నంతసేపూ ఢోకా లేదు, డయోడ్ల తర్వాత 20 దాకా వస్తుంది. కానీ మన ఊళ్ళలో ఎండాకాలం సాయంత్రం మోటార్లు, ఏసీలు అన్నీ వేశాక కరెంటు 190కి దిగితే? అదే చోట 17 కూడా నిలబడదు. 7815కి తన పైన కనీసం 2 వోల్టులు ఎక్కువ కావాలి. అది అందక 'జుంయ్' అని హమ్మింగ్ మొదలవుతుంది. పగలు బాగుండి రాత్రి మొరాయించే ప్రీయాంప్‌ల జబ్బు తరచుగా ఇదే. అదే ట్రాన్స్‌ఫార్మర్ ఉంచి 7812, 7912 పెట్టండి. 5532కి 12 వోల్టులు పుష్కలం, అప్పుడు కూడా మీ పవర్ యాంప్ అడిగేదానికి ఎన్నో రెట్లు ఇవ్వగలదు. 500 మిల్లీయాంప్స్ ట్రాన్స్‌ఫార్మర్, ఒక్కో వైపు 1,000 మైక్రోఫారడ్ 35 వోల్టులది, అంతే.

7812, 7912 చూడటానికి కవలలు, కాళ్ళు మాత్రం వేరు. 7812కి వరసగా ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. వీపున ఉన్న రేకు కూడా అంతే: 7812 రేకు గ్రౌండ్, 7912 రేకు ఇన్‌పుట్. ఇది చదివి తెలుసుకున్నది కాదు. నా మొదటి ప్రీయాంప్‌లో అందంగా ఉంటుందని రెండింటినీ ఒకే అల్యూమినియం పట్టీకి బిగించాను, ఆ పట్టీని డబ్బాకి. స్విచ్ వేశాను. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది, రెండు నిమిషాల్లో వార్నిష్ వాసన. పొగ రావడానికి ముందే మా ఆవిడ వంటింట్లోంచి 'ఏదో మాడుతోంది' అని కేకేసింది. ఆవిడ పొయ్యి చూసుకుంటోంది, మాడింది నా ట్రాన్స్‌ఫార్మర్. మీరు 7912 కింద మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వేయండి. మీ లోడుకి అసలు హీట్‌సింకే అక్కర్లేదు, విడిగా నిలబెట్టేస్తే ఇంకా మేలు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (230 వోల్టుల వైపు) 250 మిల్లీయాంప్స్ స్లో బ్లో ఫ్యూజ్ తప్పనిసరి. ఆరోజు నాకది లేదు.

డబ్బాకి కొత్తది కొనకండి. పాడైపోయిన డీవీడీ ప్లేయర్ ఏ పాత సామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది. లోపలిదంతా పీకేస్తే చక్కటి ఇనుప డబ్బా. ట్రాన్స్‌ఫార్మర్ ఒక చివర, ఇన్‌పుట్ సాకెట్లు రెండో చివర. బిగించేముందు ట్రాన్స్‌ఫార్మర్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ వినండి, ఒక కోణంలో హమ్మింగ్ బాగా తగ్గుతుంది, అక్కడ బిగించండి. కరెంటు వైర్లకి స్లీవ్ వేసి, చేయి తగలని విధంగా కట్టేశాకే ఈ తిప్పుడు. సాకెట్ల గ్రౌండ్లన్నీ, సప్లై గ్రౌండ్ ఒకే చోట కలిసి, అక్కణ్ణుంచి ఒకే ఒక్క వైరు డబ్బాకి వెళ్ళాలి. సాకెట్లు డబ్బాకి తగలకుండా వాషర్లున్నవి కొనండి. ఎంత చేసినా హమ్మింగ్ పోలేదని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకమని సలహా ఇచ్చే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. వినకండి. ఆ పిన్ను మీ ప్రాణానికి, హమ్మింగ్‌కి మందు గ్రౌండ్ వైరింగులో వెతకాలి.

ఇలా కడితే డబ్బా, ట్రాన్స్‌ఫార్మర్, స్విచ్, సాకెట్లకే మీ 3,000లో సగం పైన పోతుంది. ఐసీలు, రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ కలిపినా మిగతా సగం పూర్తిగా అవ్వదు. హైదరాబాద్ వెళ్ళే పని ఉంటే కోఠిలో గుజరాతీ గల్లీకి ఓ పూట కేటాయించండి. మీటరు జేబులో పెట్టుకునే వెళ్ళండి, రోటరీ స్విచ్ అక్కడే క్లిక్కు క్లిక్కుకీ చూసుకోవచ్చు.

పూర్తయ్యాక నేరుగా నాన్నగారి స్పీకర్లకి తగిలించకండి. ముందు ఐసీలు పెట్టకుండా బేసుల్లో ప్లస్ 12, మైనస్ 12 వస్తున్నాయా చూడండి. తర్వాత ఐసీలు పెట్టి, అవుట్‌పుట్ సాకెట్లో డీసీ వోల్టేజి కొలవండి. కొద్ది సెకన్లలో సున్నాకి దిగిపోవాలి. మొదటిసారి ఏదైనా పాత స్పీకర్‌తో వినండి. ల్యాప్‌టాప్ ఉంటే ఆర్‌ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, ప్రీయాంప్ మీదుగా టోన్ పంపి ఎడమ కుడి గ్రాఫులు ఒకదానిమీద ఒకటి పెట్టి చూసుకోవచ్చు. రోజూ వాడేటప్పుడు ప్రీయాంప్ ముందు వేయండి, పవర్ యాంప్ తర్వాత. కట్టేసేటప్పుడు తిరగేసి.

రికార్డ్ ప్లేయర్ సంగతి వేరు. దాన్ని ఈ డబ్బాకి నేరుగా కలపలేరు, మధ్యలో ఫోనో స్టేజి కావాలి. సూది ఉండే మ్యాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లోపే, దాన్ని సుమారు వంద రెట్లు పెంచాలి. పైగా రికార్డు మీద బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ వాళ్ళు 1954లో ఖాయం చేసిన లెక్క అది: 3180, 318, 75 మైక్రోసెకన్లు. మనం దాన్ని సరిగ్గా తిరగెయ్యాలి. అక్కడ కెపాసిటర్ 5 శాతం తప్పితే 0.4 డెసిబెల్ దాకా, అదీ ఒకచోట కాదు, పాటలో బేస్ నుంచి ట్రెబుల్ దాకా ఉన్న మేరలో సగం వరకు తేడా వస్తుంది. మీరు ఖచ్చితత్వం కోసం దాచుకున్న ఓపికంతా అక్కడ ఖర్చుపెట్టండి. కెపాసిటెన్స్ కొలిచే మీటరు ఒకటి సంపాదించి, పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు పదేసి కొని జతలు ఏరండి. ఇంకొకటి, ఆ స్టేజి 50 హెర్ట్జ్‌ని 1,000 హెర్ట్జ్ కన్నా 17 డెసిబెల్ ఎక్కువ పెంచుతుంది, అంటే ఏడు రెట్లు. ఇప్పుడు మీ డబ్బాలో వినపడని ట్రాన్స్‌ఫార్మర్ హమ్మింగ్ అప్పుడు బయటికొస్తుంది. కాబట్టి ఫోనో స్టేజిని ఇందులో ఇరికించకండి. దానికి ఇంకో పాత డీవీడీ డబ్బా చూసిపెట్టుకోండి.